ఎండుకొమ్మ మీద పిట్ట

“అదుగో, అవతలి గట్టున ఎండుకొమ్మ మీద పిట్ట. చూశావా బావా?” అన్నాడు డ్రైవరు, వేయించిన కోడిముక్క నములుతూ.

“చూశా, చూశా. భలేగా ఉంది,” అన్నాడు టైలరు. నిజానికి అతనికి చెరువు అవతల పచ్చటి మసక తప్ప ఏమీ కనిపించడం లేదు. ఆ సంగతి బయటపడితే, ఏటా ఇద్దరూ చేసే ఈ అడవి షికారుకు వచ్చే ఏడు తనను ఇంట్లో వదిలేసి డ్రైవరొక్కడే పోతాడని అతని గుబులు.

“ముక్కు ఏం రంగు?”

టైలరు బీరు ఒక గుక్క తాగి, “ఎరుపే కదరా,” అన్నాడు.

“అక్కడ పిట్టా లేదు, ఈకా లేదు.”

టైలరు మొహం వడలిన వంకాయలా అయిపోయింది.

“నా తెల్లచొక్కాకి నల్లదారంతో గుండీలు కుట్టిచ్చావు చూడు, మూడేళ్ల కిందట, అప్పుడే తెలిసింది నీ చూపు సంగతి. లేకపోతే జింక తోకాడించింది, కొంగ కాలు మార్చింది అని పొద్దస్తమానం వాగడానికి నాకేమన్నా పిచ్చా?”

ఆ వాగుడు విని ‘వసపిట్ట’ అని మూడేళ్లుగా విసుక్కుంటూనే ఉన్నాడు టైలరు. ఇంతలో నీళ్లలో ఏదో చప్పుడైంది.

“ఏంట్రా అది?” అన్నాడు, మొట్టమొదటిసారి.

“నీటికుక్క. చేప తింటోంది, నీకన్నా శుభ్రంగా.”