ఇరవై నిమిషాల గాలివాన

టెంటు జిప్పు మూసుకుంటుంటే సంజుకు ఆఖరుగా కనబడింది సిద్ధు ముఖం. ఫ్యాను స్విచ్చు మీద చెయ్యి వేసి నిలబడి ఉన్నాడు. నవ్వడం లేదు.

నవ్వి ఉంటేనే బాగుండేది అనుకున్నాడు సంజు.

బీదర్ పక్కన నౌబాద్‌లో టెంట్లు కుట్టే చిన్న కార్ఖానా అది. పదకొండేళ్లుగా సంజు అక్కడ ఎవరో గీసిచ్చిన కొలతలకు బట్ట కత్తిరిస్తున్నాడు. ఈ ఒక్క టెంటు మాత్రం అతని సొంత బుర్రలో పుట్టింది. మధ్యలో ఒకే ఒక్క కర్ర. దాని కొసనుంచి చుట్టూ నేలదాకా జారే పలచని బట్ట, అడుగున కూడా బట్టే. చుట్టిపెడితే చంకలో ఇమిడిపోతుంది. గాలివానకు నిలబడితే చాలు, అది సంజు పేరుతో అమ్మకానికి పోతుంది, సంజు కటింగ్ మాస్టరు అవుతాడు. కూలిపోతే మళ్లీ ఆ పాత కత్తెరే గతి.

బీదర్‌లో గాలివాన పిలిస్తే వస్తుందా? అందుకని కార్ఖానా వెనక ఖాళీ జాగాలో వీళ్లే దాన్ని తయారు చేసుకుంటారు. ముందు పెద్ద ఫ్యానుతో గాలి. తర్వాత మోటారు పైపుతో నీళ్లు. ఆఖర్న వడగళ్లకు బదులు గంపెడు కంకర. మొత్తం ఇరవై నిమిషాలు. లోపల ఒక మనిషి కర్ర పట్టుకుని కూర్చోవాలి. చెకింగ్ చూసే ప్రేమల విజిల్ వేసేలోపు జిప్పు తెరిచాడా, టెంటు ఫెయిలైనట్టే. ఓనరు విద్యాసాగర్ పెట్టిన రూలు అది.

అంతా బాగానే ఉంది. ఫ్యాను, పైపు, కంకర మూడూ కుట్టుపని చేసే సిద్ధు చేతిలో ఉండడమే బాగాలేదు.

మూడు రోజుల కింద సంజు వాడి చెంప పగలగొట్టాడు. తాళ్లు కట్టే చోట కుట్టు వదులుగా వేశాడని, అందరి ముందూ. దారమే నాసిరకమని వాడు చెబుతూనే ఉన్నాడు. సంజు వినలేదు. వాడు చెంప తడుముకుని ఒకటే మాటన్నాడు.

"పరీక్ష నాడు లోపట నువ్వుంటవ్, బయట నేనుంట సంజన్నా. యాది పెట్టుకో."

ఫ్యాను గుర్రుమంది. బట్ట ఉబ్బింది, వణికింది, నిలబడింది. సంజు ఛాతీ కూడా అంతే ఉబ్బింది. కాసేపటికి ఎందుకో అన్నీ ఆగిపోయాయి. గాలి లేదు, చప్పుడు లేదు. ఉక్కకు ఒళ్లంతా చెమట. వాడు ఏదో సర్దుతున్నాడు అనుకున్నాడు.

ఏం సర్దాడో మరుక్షణమే తెలిసింది. ఒక్క దెబ్బకు గాలి బట్టను లోపలికి తోసి అతన్ని వెల్లకిలా పడేసింది. కర్ర వచ్చి నుదుటికి తగిలింది. కంట్లోకి దిగుతున్న రక్తాన్ని తుడుచుకుని సంజు కర్రను వాటేసుకున్నాడు. నీళ్లు నాలుగు పక్కల నుంచీ కొట్టాయి. పైపు పట్టుకుని చుట్టూ తిరుగుతున్నాడన్నమాట, దొంగ వెధవ. ఎక్కడో రేకుల్ని తంతున్న మోత. మధ్యలో వాడి గొంతు.

"పట్టుకో సంజన్నా, పట్టుకో."

వెటకారం ఒకటి.

తర్వాత కంకర మొదలైంది. శనగగింజంత రాళ్లు వేయాలని లెక్క. ఇవి నిమ్మకాయలంత ఉన్నాయి. బట్ట మీంచే వీపు మీద, మెడ మీద, మోచేతుల మీద పడుతున్నాయి. చెవి పక్కన ఒకటి పడి తల దిమ్మెక్కింది. సంజు పళ్లు బిగించాడు. చచ్చినా జిప్పు తీయడు. వాడికి కావాల్సింది అదే కదా.

టప్‌మని ఒక మేకు ఊడింది. ఇంకొకటి. టెంటు అతనితో సహా వెనక్కి జారింది.

అప్పుడు గుర్తొచ్చింది సంజుకు. వెనక పదడుగుల్లో ఎర్రరాయి తవ్వి వదిలేసిన గుంత ఉంది. నిలువు లోతు. చెంపదెబ్బకు బదులుగా వాడికి కావాల్సింది టెంటు కాదు, ప్రాణం.

ముందు పక్క బట్ట మీద ఒక మనిషి ఆకారం వచ్చి పడింది. భుజం, మోచెయ్యి, తల. తాడు గుంజుతూ, మోకాలితో అంచును తొక్కుతూ పెనుగులాడుతోంది. తోసేస్తున్నాడు. గుంతలోకి తోసేస్తున్నాడు.

మేకులు కొట్టిన సుత్తి సంజు నడుముకే ఉంది.

మొదటి దెబ్బ భుజం మీద వేశాడు. బట్ట అవతల అరుపు వినిపించింది కానీ ఆకారం కదల్లేదు. రెండోది వేళ్ల మీద. ఎముక చిట్లడం సుత్తి పిడిదాకా తెలిసింది. "వద్దన్నా," అని ఏదో అంటున్నాడు. పదకొండేళ్ల కత్తెర, ఈ పూట రాళ్లదెబ్బలు, చావుభయం అన్నీ కలిసి సంజు చేతిలోకి వచ్చాయి. మూడోది తల మీద వేశాడు. నాలుగోది కూడా అక్కడే.

ఆకారం జారి అంచు మీద బరువుగా ఒరిగిపోయింది. బట్ట బయట నల్లగా ఏదో పాకింది.

టెంటు జారడం ఆగింది. పీడ విరగడైంది అనుకున్నాడు సంజు. కొంచెం కొంచెంగా గాలి తగ్గింది, రాళ్లు ఆగాయి. కర్ర మాత్రం నిటారుగా నిలబడే ఉంది. దాన్ని ముద్దు పెట్టుకున్నాడు. ఏడుపొచ్చింది, నవ్వూ వచ్చింది.

విజిల్ పడలేదు. బయటి నుంచి ఎవరో జిప్పు లాగారు. సందులోంచి ప్రేమల ముఖం కనబడింది. జుట్టంతా తడిసి చెంపలకు అంటుకుని ఉంది.

"చూసినవా ప్రేమలా, నిలబడ్డది," అన్నాడు సంజు రొప్పుతూ. "వాని ఫ్యాన్ నా టెంటును ఏం పీకలేదని చెప్పు వానికి."

"ఫ్యాన్ ఏడిది సంజన్నా, నిజం గాలివాన రాంగనే కరెంటు పోయింది, మేకులూడి నువ్వు గుంతల పడతవని సిద్ధే తాడు నడుముకు చుట్టుకొని టెంటును ఆపిండు."