చెల్లెలి లైను

"తగ్గించరా," అంటూ టెక్నీషియన్ తలను అతని చెల్లెలి మొగుడు ఇనుప ర్యాకుకేసి కొట్టాడు. కనుబొమ్మ చిట్లింది. టెలిఫోన్ ఎక్స్ఛేంజిలోని ఫ్యాన్ల హోరులో ఆ చప్పుడు పక్కగదికి చేరలేదు.

"ఫోనులో మీ అమ్మ గొంతు మా వీధంతా వినపడుతోంది. 'ఏమైందే, చెప్పవే' అని ఒకటే ఆరా. నా పరువేం కావాలి?"

"చెల్లి మాటలు వినపడట్లేదని అమ్మ ఏడుస్తుంటే, మీ ఊరి లైనులో శబ్దం లెవెలు రెండు వైపులా పెంచాను బావా."

"పెంచినవాడివి నువ్వే దించు." ఈసారి గుద్దు కడుపులో పడింది.

టెక్నీషియన్ ర్యాకు పట్టుకుని లేచాడు. సొంత చెల్లెలి లైను కదా అని అప్పుడు మీటరు పెట్టకుండా చెవితోనే పెంచేశాడు. ఇప్పుడు లెవెలు స్క్రూని పాత గుర్తు దాకా వెనక్కి తిప్పాడు. మీటరు తగిలించి, అవతలి ఎక్స్ఛేంజిని పరీక్ష టోను పంపమన్నాడు.

మీటరు ముల్లు సరిగ్గా ఉండాల్సిన చోటే నిలబడింది. అతను దాని వంకే చూస్తూ ఉండిపోయాడు.

"అయిందా?" అన్నాడు బావ.

"లైనులో ఏ లోపమూ లేదు బావా. మొదటినుంచీ లేదు."

"మరింకేం?"

"చెల్లి గొంతే తగ్గిపోయింది. నోరు విప్పితే ఇల్లెగిరిపోయేది. అలాంటి పిల్ల నీ ఇంట్లో గుసగుసలాడుతోంది."

బావ తలుపు వైపు కదిలాడు. టెక్నీషియన్ ముందే వెళ్లి గడియ పెట్టాడు. కంటిమీది రక్తం తుడుచుకుని, చొక్కా చేతులు పైకి మడిచాడు.

"ఈ గదిలో ఎంత అరిచినా బయటికి వినపడదు," అన్నాడు. "నువ్వు మాత్రం గొంతు తగ్గించుకోనక్కర్లేదు."