వెంట్రుకవాసి వంకర

"ఇదీ వంకరే," అంటూ మిత్సుయో కత్తిని పక్కనున్న పెట్టెలో పడుకోబెట్టింది.

వచ్చినవి పన్నెండు. పెట్టెలోకి చేరినది తొమ్మిదోది. చిన్న యజమాని షోహెయ్ మొహం వేలాడేశాడు. జపాన్‌లోని సకాయ్ ఊళ్ళో వాళ్ళది మూడు తరాల కత్తుల కొట్టు. కొలిమి పని ఒకరిది, వంకర తీసి సానపట్టేది ఒకరు, పిడి బిగించేది ఇంకొకరు. అంతా అయ్యాక చేతిలోకి తీసుకుని ఔననో కాదనో తేల్చాల్సింది మాత్రం మిత్సుయో. ముప్ఫై నాలుగేళ్ళుగా ఆమె కాదన్న కత్తి ఆ గుమ్మం దాటలేదు.

పిడికీ ఉక్కుకీ మధ్య సందుందేమో గోటితో చూస్తుంది. పదును లేని వైపు, అంటే కత్తి వీపు, అంచులు గరుకుగా ఉన్నాయేమో బొటనవేలితో రాస్తుంది. ఆఖరున కత్తిని ముక్కుకెదురుగా ఎత్తి, ఎడమ కన్ను మూసి, కుడికంటితో పిడి నుంచి మొన దాకా వీపు వెంబడి చూస్తుంది. వెంట్రుకవాసి తేడా ఉన్నా ఆ కంటిని దాటిపోలేదు.

"వీపు ఎంత నున్నగా దిద్దారో చూడు బాబూ. పిడి దగ్గర గోరు దూరదు. అన్నీ అమరి నడుమ వంగితే ఏం లాభం? మూడుసార్లు తిప్పి పంపాను. సరిచేశానని కబురు పెడతారు. తీరా చూస్తే మళ్ళీ అదే."

షోహెయ్ ఒకటి ఎత్తి చూశాడు. "ముందు నాకు తిన్నగానే అనిపించింది. మీరన్నాక వంకరగా కనిపిస్తోంది."

"నువ్వు బేరాలు చూసుకో. ఇవి నాకొదిలెయ్."

"పొట్టి కత్తులు సానపట్టేవాళ్ళతో ఏ గొడవా లేదు కదండీ. సషిమికి పచ్చి చేప కోసే ఈ పొడుగు కత్తులతోనే వచ్చింది చిక్కంతా. అవన్నీ కిసబురో గారొక్కరే సానపడతారాయె. డెబ్భై మూడేళ్ళు మరి. ఇంక వేరే ఎవరికైనా ఇద్దాం. ఫోన్ చేసి చెప్పేస్తాను."

"ఫోన్లో చెప్పే మాటా ఇది? నేనే వెళ్తాను."

వెళ్తానంది గానీ ఆమెకు మనసొప్పలేదు. ఈ కొట్లో చేరిన కొత్తలో ఆడపిల్లకి కత్తులేం తెలుసునని అందరూ నవ్వుకున్నారు. అప్పుడు పక్కన నిలబడి, ఎడమ కన్ను మూసి వీపు వెంట ఎలా చూడాలో నేర్పింది ఆ కిసబురోనే. ఆయన నేర్పిన చూపుతోనే ఇవాళ ఆయన పని చెడిందని చెప్పాలి. పెట్టె ఒళ్ళో పెట్టుకుని ట్రామ్‌లో కూర్చున్నంతసేపూ ఆ మాట ఎలా ఎత్తాలా అని కూడదీసుకుంటూనే ఉంది.

కిసబురో పాకలో సానరాయి తిరుగుతోంది. ముసలాయన మోకాళ్ళ దాకా బురదనీళ్ళు చిందాయి. ఆమెను చూసి రాయి ఆపాడు. చేతిలో పెట్టె చూశాక, దండాలూ గిండాలూ లేకుండా ముక్కాలిపీట ముందుకు తోశాడు.

"మళ్ళీనా అమ్మాయ్?"

ఆమెకు యాభై ఎనిమిది వచ్చినా ఆయనకింకా అమ్మాయే.

"మళ్ళీనే మేస్త్రీ గారూ. తొమ్మిది."

ఆయన నుదుటి మీది కళ్ళద్దాలు దించి, ఒక కత్తి ఎత్తి చాలాసేపు చూశాడు. తర్వాత ఆమె చేతికిచ్చాడు. "ఎక్కడ వంగిందో చెప్పు."

ఆమె ఎడమ కన్ను మూసింది. "నడుమ. ఎప్పుడూ నడుమే."

ఆయన లేచి గోడకున్న పాత కత్తి తీశాడు. "ఇది?"

"ఇదీ అంతే మేస్త్రీ గారూ." ఆమె కత్తి తిరిగి ఇచ్చేసింది.

టీ తెస్తున్న ఆయన భార్య ఉమెనో గుమ్మంలోనే ఆగింది. "అదేంటమ్మా, అది మామగారు చేసిన..."

"టీ చల్లారిపోతోంది, అక్కడ పెట్టు," అన్నాడాయన.

ఉమెనో కప్పులు దించి లోపలికి వెళ్ళిపోయింది. ఆయన ఆ పాత కత్తిని గుడ్డతో తుడిచి మళ్ళీ గోడకి తగిలించాడు.

"నిజమేలే. వంకరే. నా పనే చెడింది. షోహెయ్‌తో నేనే మానేశానని చెప్పు. నీకింకా ఎన్నేళ్ళుంది కొట్లో?"

"రెండేళ్ళు."

"కడదాకా ఉండు. గొప్పగా సాగనంపుతారు నిన్ను."

ఇంతకంటే ఆయన నాలుగు తిట్టినా బాగుండేదనిపించింది మిత్సుయోకి. టీ తాగకుండానే కప్పు కింద పెట్టేసింది.

"ఒక పని చేసిపెట్టు," అన్నాడాయన. "గురువారం కంటి ఆసుపత్రికి వెళ్తున్నాను. ఒక్కణ్ణే వెళ్ళాలంటే బెరుకు. తోడు రా."

"వస్తాను. మీ కళ్ళకి మందో మాకో ఇస్తే మళ్ళీ పని చేసుకోవచ్చు మేస్త్రీ గారూ."

"ఊరికే కూర్చుని ఏం చేస్తావ్, నువ్వూ చూపించుకో. ఈ వయసులో అందరూ చూపించుకోవాల్సిందే."

"నాకేం, నా చూపు బ్రహ్మాండంగా ఉంది."

"రమ్మన్నాను కదా. పెద్దవాడి మాట విను."

ఆమె తల ఊపి, నడుం వంచి నమస్కరించి బయటపడింది. వీధి మలుపు తిరిగేదాకా ఎలాగో ఉగ్గబట్టుకుంది. ట్రామ్ ఆగే చోటికి వచ్చి నిలబడ్డాక మాత్రం ఏడుపు ఆపుకోలేకపోయింది. ఐదు దశాబ్దాలు సానరాయితో కాపురం చేసిన మనిషి. కళ్ళు పోయాయని తెలిసి కూడా, ఒక్క మాట తూలకుండా పక్కకి తప్పుకున్నాడు. ఆయన చేతిలోంచి ఆ పని లాగేసింది తనే. ఆ పాపం తన చేతుల మీదుగానే జరగాలా అని కుమిలిపోయింది.

ఆ వీధిలో ట్రామ్ దారి కొలబద్ద పెట్టి గీసినట్టు ఊరి ఆ చివరిదాకా తిన్నగా పోతుంది. చేతిరుమాలుతో ఎడమ కన్ను ఒత్తుకుంటూ, ట్రామ్ వస్తోందేమోనని మిత్సుయో కుడికంటితో ఆ వైపు చూసింది.

పట్టాలు నడుమ వంగి ఉన్నాయి.