కొండ మీద ఎండ

"ఇవాళ ఎండ భలే కాసింది అమ్మమ్మా! ఇకనైనా కంగారుపడటం ఆపుతావా?" మనాలి పైకొండల నుంచి నా మనవరాలు బ్యూలా ఫోన్లో నవ్వింది.

కాళ్ళకు పొడుగాటి బద్దలు కట్టుకుని మంచు మీద జారే స్కీయింగ్ ఆటకని మార్చిలో వెళ్ళింది. వెళ్ళిన దగ్గర్నుంచీ నాకు చలి భయమే. చెవులకు గుడ్డ కట్టుకున్నావా, స్వెట్టర్ వేసుకున్నావా అని ప్రాణం తీసేదాన్ని.

"నాగాయలంకలో కూర్చుని ఇక్కడ నాకు జలుబు తెప్పించేట్టున్నావే!" అనేది.

పిల్ల ఉన్నచోట ఎండ కాయించమని రోజూ ప్రభువును అడిగాను. ఆ పూట మనసు కుదుటపడి, కడుపునిండా అన్నం తిన్నాను.

సాయంత్రం దానితో వెళ్ళిన స్నేహితుడు ఫోన్ చేశాడు. ఏడుస్తున్నాడు.

"ఎండకి మంచు మెత్తబడి, ఒక్కసారిగా కొండంతా జారిపోయిందండీ. బ్యూలా దాని కింద ఉండిపోయింది."

"తవ్వండయ్యా! ఇంకా ఫోన్లేంటి?"

"పైనుంచి ఇంకా జారుతోంది అమ్మమ్మగారూ. చలి పెరిగి మంచు గట్టిపడితేగానీ ఎవర్నీ వెళ్ళనివ్వరట."

నేను మోకరించాను. నా బిడ్డ ఉన్నచోట చలి ఇంకా పెంచు తండ్రీ అని అడిగాను.