తేలిక మూట

వానాకాలం మొదట్లో ఉడుత దగ్గర నూరు వేరుశనగకాయలు ఉన్నాయి. రోజుకొకటి చొప్పున తినాలని పొదుపుగా దాచుకుంది. ఆ అడవిలో మద్దిచెట్టు తొర్ర ఆకలిగొన్నవాళ్ల కొట్టు. ఉన్నవాళ్లు అందులో వేస్తారు, లేనివాళ్లు తీసుకుంటారు. ఉడుత పదోవంతు ఇద్దామనుకుంది. ఒక్క మూటలో మోయొచ్చని తేలికపాటి కాయలు ఏరి, తొర్రలో వేసి వచ్చింది.

మర్నాడు కొట్టు చూసుకునే గోరింక పిలిచింది.

"లెక్క తప్పలేదు బాబూ! కాయలు పది, పప్పు సున్నా."

"అన్నీ తాలేనా పిన్నీ?"

"పాపం, పిల్లల తల్లి చుంచెలుక ఒక్కొక్కటీ ఒలిచి చూసింది. పిల్లలేమో అమ్మ మూతివంకే చూస్తున్నారు. చివరిదీ ఒలిచాక, 'ఇచ్చినవాళ్లు చల్లగా ఉండాలి' అని, పిల్లల్ని తీసుకుని వానలోనే వెళ్లిపోయింది."

ఆ దీవెన ఉడుతకు తిట్టుకన్నా గట్టిగా తగిలింది. బరువు లేవని తెలిసే కదా వాటిని ఏరింది!

ఇంటికి పరుగెత్తి, చేతికి బరువు తగిలిన కాయలే మూటగట్టి తెచ్చింది.

"ఎటు వెళ్లింది పిన్నీ?"

"వాగు వైపు. దారంతా నీళ్లు."

ఉడుత మూటను మెడకు బిగించుకుని, నీళ్లలోకి దిగింది.