వారానికి ఒక్కరు

వారానికి ఒక్కసారి తెరుచుకునే పేజీని ఎంతమంది వాడుతున్నట్టు?

చిక్కబళ్లాపురంలోని ఒక నీటి పరీక్షల సంస్థ ఈ ప్రశ్నకు ఇప్పటికీ సమాధానం చెప్పలేదు.

2007 జనవరిలో ఆ సంస్థ తన వెబ్‌సైటును మార్చింది. ఏ ఊరి బోరింగు నీళ్లలో ఫ్లోరైడు ఎంత ఉందో చెప్పే పేజీలన్నీ కొత్త చిరునామాలకు తరలిపోయాయి. పాత చిరునామా కొట్టినవారికి ‘పేజీ లేదు’ అన్న మాట తప్ప మరేమీ కనబడదు.

ఫిబ్రవరిలో చెన్నరాయప్ప అనే పెద్దమనిషి బాగేపల్లి నుంచి బస్సులో వచ్చాడు.

“బాగేపల్లి పేజీ రాలేదమ్మా. నాలుగు గురువారాలు చూసినా. కంప్యూటర్ అంగడాయన కూడా తెలీదంటాండాడు.”

వెబ్‌సైటు పని చూసే అంబిక కొత్త చిరునామాను చీటీ మీద రాసిచ్చింది.

ఆయన చీటీని కళ్లకు దగ్గరగా పట్టుకున్నాడు, తరువాత దూరంగా పట్టుకున్నాడు.

“ఇదేందమ్మా, నడుమన ఈ కొక్కెం?”

“ప్రశ్న గుర్తప్పా.”

“పేజీ చూపియ్యమంటే అది నన్నే ప్రశ్న అడుగుతాదా?”

అంబిక నవ్వింది.

“పాతదైతే నా వేళ్లకే తెలుసు. ఇంత పొడుగుది ఈ కండ్లతో కొట్టలేనమ్మా, అంగడాయన కొట్టియ్యడు. పాతది కొడితే కొత్తదానికి పొయ్యేట్టు చెయ్యలేరా?”

చేయవచ్చు. సర్వరులో ఒక్క వరుస రీరైట్ రూలు రాస్తే, పాత చిరునామాకు వచ్చినవారిని దానంతట అదే కొత్త చోటికి పంపుతుంది. అటువంటివి నూట పన్నెండు అంబిక అప్పటికే రాసింది. నెలకు యాభై మందికి తక్కువ చూసే పేజీలకు మాత్రం రాయవద్దని కార్యదర్శి మోహన్‌కుమార్ ఆజ్ఞ.

ఆమె చెన్నరాయప్పను వెంటబెట్టుకుని కార్యదర్శి గదికి వెళ్లింది.

“ఒక్క లైను సార్. రెండు నిమిషాల పని.”

“ఎంతమంది చూస్తాండారు దాన్ని?”

“వారానికి ఒక్కరు.”

“ఆ ఒక్కరు ఈయనేనా?” మోహన్‌కుమార్ తల తిప్పాడు. “ఏమప్పా, మీ ఇంటి బోరింగా?”

“మా ఇంటిది కాదప్పా. మా వైపు ఊర్లోళ్లకంతా కావాల.”

“వాళ్లంతా చూస్తాంటే లెక్కలోకి రావాల కదా? నీకొకటి రాస్తే రేపు ఇంకొకరొస్తారు. కొత్తది నేర్చుకోప్పా.”

ఊరివాళ్లకు ఆ పేజీలోని సంగతి ఎలా చేరుతోందని ఎవరూ అడగలేదు.

చెన్నరాయప్ప చీటీ మడిచి జేబులో పెట్టుకున్నాడు. ఇద్దరికీ నమస్కరించి వెళ్లిపోయాడు.

ఆ తరువాత ఆరు గురువారాలు బాగేపల్లి నుంచి ఎవరో పాత చిరునామానే కొట్టినట్టు సర్వరులో నమోదయింది. ఆరుసార్లూ ‘పేజీ లేదు’ అనే జవాబు వెళ్లింది. ఏడో గురువారం నుంచి నమోదు లేదు.

ఆగస్టులో అంబిక నీటి నమూనాల కోసం బాగేపల్లి అవతల ఒక పల్లెకు వెళ్లింది. పాత బోరింగు మీద అడ్డంగా ఎర్రగీత ఉంది. దాని దగ్గర ఎవరూ లేరు. జనవరిలో వేసిన కొత్త బోరింగు దగ్గర బిందెలు వరుస కట్టి ఉన్నాయి.

పుట్టమ్మ అనే ఆవిడ చెంబుతో నీళ్లు తెచ్చింది.

“ఎండన పడి వచ్చినావు, తాగమ్మా.”

అంబిక బోరింగు మీది నంబరు చూసింది. చెంబు అందుకోలేదు.

“ఇవి తాగకూడదమ్మా. మార్చిలోనే వెబ్‌సైట్లో పెట్టినాం.”

“యాడ పెట్టినారు? దీనికి ఎర్రగీత లేదు కదమ్మా. మా మనవరాలు కూడా ఇవే తాగుతాండాది.”

“ఆ గీతలు పంచాయితీవాళ్లవి కావా?”

“వాళ్లకంత తీరికా! చెన్నరాయప్పవి. గురువారం బాగేపల్లిలో కంప్యూటర్ చూసుకోని, శుక్రవారం సైకిలు మీద రంగు డబ్బాతో వచ్చేటోడు. ఈ చుట్టు నలభై ఊర్లలో గీతలన్నీ ఆయప్ప గీసినవే. ఆ పేజీ మూసేసినారంట, చూడకుండా గీస్తే తప్పయితాదని మానుకున్యాడు. పోయిన నెల కాలం చేసినాడు.”

ఆ సాయంత్రం అంబిక నూట పదమూడో రూలు రాసింది. అది ఏ లోపమూ లేకుండా పనిచేస్తోంది. ఆ దారిన ఇంతవరకు ఎవరూ రాలేదు.

మీ లెక్కల్లో ‘ఒక్కరు’ అని ఉన్న ప్రతిచోటా, ఆ ఒక్కరు ఎవరో ఈ రోజే వెళ్లి అడగండి.