ఎదురు వాటా మామ్మ

“తలుపు తీసి చెప్పరా పాఠం!”

ముసలామె చేతికర్రతో కిటికీ ఊచల మీద దబదబా బాదుతోంది.

కీబోర్డు క్లాసు నుంచి కూతురు దీవెనని తీసుకెళ్దామని వచ్చిన ఫ్లోరెన్స్ గేటు దగ్గరే ఆగిపోయింది.

డేనియల్ మాస్టారు తలుపు తీసి నవ్వుతూ బయటికొచ్చాడు.

“భయపడకండక్కా. మతి సరిగా లేదావిడకి.”

“ఎవరండీ?”

“ఏమోనక్కా. నేను తెనాల్లో ఉంటే తెనాలి వచ్చింది. బాపట్ల వస్తే ఇక్కడికీ వచ్చింది. పెద్దావిడ, ఏమీ అనకండి.”

ఎంత ఓర్పు ఈ మనిషికి, అనుకుంది ఫ్లోరెన్స్.

భర్త పోయాక ఒక్కతే పిల్లని పెంచుకుంటోంది. కర్లపాలెంలో టీచరు. ఇల్లు చేరేసరికి పొద్దుపోయేది. దీవెనని బండి మీద దింపేది డేనియలే. క్రిస్మస్‌కి వరండాలో స్టార్ కట్టిందీ డేనియలే. “అక్కా” అంటూ వంటింటి దాకా వచ్చేవాడు.

“దీవెన చేతుల్లో దేవుడిచ్చిన వరం ఉందక్కా. విడిగా నేర్పిస్తాను. ఫీజు మాట ఎత్తకండి.”

ఎంతో పొంగిపోయింది ఫ్లోరెన్స్.

ముసలామె పేరు పున్నమ్మ. మాస్టారి ఎదురు వాటాలో అద్దెకి దిగింది. క్లాసు మొదలైతే చాలు, వచ్చి కిటికీ కింద కూర్చునేది. తలుపు మూస్తే బాదేది.

ఒకరోజు వీధిలో ఫ్లోరెన్స్ చెయ్యి పట్టుకుంది.

“అమ్మాయ్, ఒక్క మాట...”

“వదలండి!” విదిలించుకుంది ఫ్లోరెన్స్.

ఆ సాయంత్రమే మిగతా తల్లుల్ని వెంటబెట్టుకుని ఇంటి ఓనరు వెంకట్రామయ్య దగ్గరికి వెళ్ళింది. “ఆ పిచ్చిదాన్ని ఖాళీ చేయించండి. మా పిల్లలు జడుసుకుంటున్నారు.”

మర్నాడు పున్నమ్మ సామాను రోడ్డు మీద ఉంది.

ఆటో ఎక్కుతూ కూడా ఆమె ఒకటే మాట అంది. “పిల్లని ఒంటరిగా పంపకమ్మా.”

ఎవరూ వినిపించుకోలేదు.

వానలు పడే రోజుల్లో దీవెన కీబోర్డు మానేస్తానంది.

“ఊరికే నేర్పుతుంటే బద్ధకమా?” కసిరింది ఫ్లోరెన్స్.

పిల్ల మళ్ళీ క్లాసుకి వెళ్ళింది. కొన్నాళ్ళకి, అన్నం తింటూ తింటూ కంచంలో చెయ్యి ఆపేసింది.

“అమ్మా, ఎదురు వాటా మామ్మ మళ్ళీ రాదా?”

“ఆ పిచ్చిది ఎందుకే నీకు?”

“ఆ మామ్మ ఉంటే సార్ తలుపు వేసేవారు కాదు.”



ఫ్లోరెన్స్‌కి గట్టిగా అరవాలనిపించింది. అరవలేదు. వచ్చి కూతురి పక్కన నేల మీద కూర్చుంది.

దీవెన తలెత్తకుండా ముక్కలు ముక్కలుగా చెప్పింది. ముందు చాక్లెట్లు. అమ్మకి చెప్పొద్దన్న చిన్న చిన్న రహస్యాలు. ఆ తర్వాత, చెప్పడానికి నోరు రాని రహస్యం.

“నేను చెప్పినా నువ్వు నమ్మవన్నారు సార్. ఆయన్నే నమ్ముతావన్నారు.”

నిజమే. మొన్నటి దాకా అంతే.

“నేను నమ్ముతున్నాను. నీ తప్పేం లేదు. చెప్పి మంచిపని చేశావు తల్లీ.”

పిల్లని చెల్లెలింట్లో వదిలి, కూరల కత్తి కొంగులో చుట్టుకుని బయల్దేరింది ఫ్లోరెన్స్. మాస్టారి వీధి మొదట్లో కాళ్ళు ఆగాయి. తను జైలుకి పోతే దీవెనకి ఎవరున్నారు?

వాణ్ణే పంపాలి. అక్కడే కుళ్ళిపోవాలి.

కత్తి కాలవలో పారేసి పోలీస్ స్టేషన్‌కి నడిచింది.

డేనియల్‌ని అరెస్టు చేశారు. మిగతా తల్లులు మాత్రం “మా పిల్లలకేం కాలేదు, మమ్మల్ని లాగకండి” అని తలుపులు వేసుకున్నారు.

“వీడికిది మొదటిసారి కాదనిపిస్తోంది” అంది ఎస్సై స్వర్ణలత. “పాత సంగతులు తెలిసినవాళ్ళు ఎవరన్నా ఉన్నారా?”

వెంకట్రామయ్యని అడిగి పున్నమ్మ అడ్రసు పట్టుకుని ఫ్లోరెన్స్ రేపల్లె బస్సెక్కింది.

పున్నమ్మ అరుగు మీద బియ్యం ఏరుకుంటోంది. ఫ్లోరెన్స్ వెళ్ళి కాళ్ళ మీద పడింది.

పున్నమ్మ చేట పక్కన పెట్టింది.

“పిల్లేనా?”

ఫ్లోరెన్స్ ఏడుపే జవాబయింది.

“తెనాల్లో ఉషశ్రీ అనే పిల్ల నాతో చెప్పుకుంది. వాళ్ళమ్మకి చెబితే పరువు పోతుందని నా నోరు మూయించింది. నేను గడప దాటేలోపే నాకు పిచ్చని ఊరంతా చెప్పాడు వాడు. వాడు ముందు బుట్టలో వేసుకునేది పిల్లల్ని కాదమ్మా, పెద్దాళ్ళని.”

“కత్తి పట్టుకుని బయల్దేరాను మామ్మా. పొడవలేకపోయాను.”

“నేనూ పట్టుకున్నాను. అన్నం తింటున్నాడు. చెయ్యి రాలేదు.”

పున్నమ్మ చేతికర్ర అందుకుని లేచింది.

“అందుకే వెంటపడ్డాను. తలుపు మూయనివ్వకపోతే చాలనుకున్నాను. చాల్లేదు. పద. ఉషశ్రీ ఇప్పుడు పెద్దదయింది. దాన్నీ అడుగుదాం.”

తెనాల్లో ఉషశ్రీ ఎక్కువ మాటలు అడగలేదు. చెప్పులు వేసుకుని వాళ్ళ వెంట వచ్చేసింది.

బాపట్ల స్టేషన్‌లో ముందు ఉషశ్రీ వాంగ్మూలం ఇచ్చింది. తర్వాత పున్నమ్మ. తను చూసినదీ, విన్నదీ ఒక్కటి కూడా దాచకుండా చెప్పింది.

“మీరు పాత పగతో చెప్తున్నారంటాడు వాళ్ళ లాయరు” అంది స్వర్ణలత.

“పగే. అలాగే రాసుకోండి. వాడు మళ్ళీ ఏ ఊళ్ళోనూ బోర్డు కట్టకూడదు. ఊపిరున్నంతకాలం ప్రతి వాయిదాకీ వస్తాను.”

ఫ్లోరెన్స్ ఆమె చెయ్యి గట్టిగా పట్టుకుంది.

“సరే మామ్మా. ముద్దాయి మీకేమవుతాడు?” అడిగింది స్వర్ణలత.

పున్నమ్మ తన చేతిని మెల్లగా విడిపించుకుంది.

“నేను కన్న కొడుకండి” అంది.